చచ్చిన సెల్లు చెప్పిన పాఠం

“మళ్ళీ నువ్వేనా నాయనా?” అంది ఎదెల్మీరా తలుపు తీస్తూ. “చెప్పాల్సిందంతా నిన్ననే చెప్పేశాగా. మీ కెప్టెన్ రాసుకోలేదా?”

“రాసుకున్నాడు పెద్దమ్మా. అది చదివాకే నిద్ర పట్టలేదు.”

“ఈ ఊళ్ళో నిద్ర ఎవడికి పడుతోందిలే! కరెంటుండదు, ఫ్యాను తిరగదు, దోమలకి మాత్రం లోటు లేదు. ముందా సైకిలు లోపలికి తెచ్చుకో. బయట పెడితే చక్రాలు మిగలవు.”

సైకిల్ని లోపలికి తోసి గోడకి ఆనించాను. పోలీసు డిపార్ట్‌మెంటు జీపులో పెట్రోలు అయిపోయి చాలా రోజులైంది. లెఫ్టినెంట్ ఎవేలియో కింతేరో అనే నేను, మొన్న జరిగిన హత్య కోసం కమగ్వే ఊరంతా ఈ చైనా సైకిలు మీదే తిరుగుతున్నాను. మోకాళ్ళు సలుపుతున్నాయి. పొద్దున తాగింది చక్కెర నీళ్ళు. మధ్యాహ్నం అదీ లేదు.

చనిపోయినవాడు దామసో ఓర్తిగోసా. రేడియోలు బాగుచేసేవాడు. ఎదెల్మీరా గదికీ అతని పని గదికీ మధ్య ఒకే గోడ. ఆ పని గదిలోనే ఎవరో బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌తో తల వెనక కొట్టి చంపారు. సాయంత్రం సూప్ గిన్నె పట్టుకుని వెళ్ళి, శవాన్ని మొదట చూసింది ఈవిడే.

“ఆ మధ్యాహ్నం అతని గొంతు విన్నానన్నావు. ఇంకోసారి చెప్పు. తొందరేం లేదు.”

“నా సెల్లుల రేడియోలో నవల మొదలైంది. అంటే నాలుగున్నర. ఆ పడవవాడు కూతురికి నిజం చెప్పబోతున్నాడు. అంతలో గోడవతల దామసో పాఠం మొదలుపెట్టాడు. రేడియో క్లబ్బు వాళ్ళొస్తే చెప్తాడుగా, అదే పాఠం. నాకూ కంఠతా వచ్చేసింది.” కళ్ళు మూసుకుని అప్పజెప్పింది. “‘సెల్లు చచ్చిపోయిందని పారెయ్యకండి. అది చావలేదు, నీరసపడింది. నల్ల రింగు తీసుకోండి. రెండు తీగలు కలిపి చుట్టండి. ఒకదాని మొదలు రెండోదాని చివరకి కలపండి...’ ఇలా సాగుతుంది.”

“పూర్తిగా చెప్పాడా?”

“ఎక్కడా! ట్రాన్సిస్టర్ దగ్గరకొచ్చి ఆపేశాడు. ‘మూడో కాలు’ అన్నాడు, అంతే. ఆ తర్వాత చెప్పే జోకు కూడా చెప్పలేదు. ఆ జోకు చెప్పకుండా ఆ మనిషి పాఠం ముగించిందే లేదు.”

“గొంతు ఎలా ఉంది?”

“మొదట్లో మామూలుగానే ఉంది. పోను పోను బరువెక్కింది. నిద్ర ముంచుకొస్తున్నవాడిలా మాటని లాగి లాగి అన్నాడు. అదే మీ కెప్టెన్‌కి చెప్తే, ‘అలసిపోయుంటాడులే, మేమందరం అలసిపోలేదా’ అన్నాడు.”

ఆ మాట మటుకు నిజమే. కానీ అలసిపోయిన మనిషి చిన్నగా మాట్లాడతాడు. గొంతే మారిపోదు.

“ఇంకేమైనా ఉందా? పనికిమాలిందైనా సరే.”

ఆవిడ కాస్త మొహమాటపడింది. “ఇది చెప్తే మీ కెప్టెన్ పగలబడి నవ్వాడు. నువ్వూ నవ్వుతావు.”

“నవ్వే ఓపిక నాకు లేదు పెద్దమ్మా.”

“దామసో మాట్లాడుతున్నంతసేపూ నా రేడియో ఈలేసింది. నవల్లో ఒక్క ముక్క వినపడలేదు. అతను ఆపగానే ఈల ఆగింది. పడవవాడు ఏం చెప్పాడో నాకిప్పటికీ తెలీదు.”

“అంతకుముందు పాఠాలప్పుడూ ఈలేసేదా?”

“పాఠానికి ఎందుకేస్తుంది? తను చుట్టిన రింగుల్ని పరీక్షించేటప్పుడు ఏసేది. నేను గోడ మీద కొడితే ఆపేసేవాడు పాపం. మొన్న కూడా కొట్టాను. ఆపలేదు.”

కాఫీ గింజలు చాలక వేయించిన బఠాణీల పొడి కలిపిన కాఫీ ఇచ్చింది. తాగి, పెరటి తలుపుకి మేం వేసిన తాళం చెవి తీసుకుని పక్కింట్లోకి వెళ్ళాను.

గది మేం ఎలా వదిలామో అలాగే ఉంది. బల్ల నిండా విప్పిన రేడియోలు, తీగ చుట్టలు, పాడైపోయిన దీపాల్లోంచి పీకిన నల్ల రింగులు. నేల మీద రక్తం ఎండి గోధుమ రంగులోకి తిరిగింది. వీధి తలుపుకి లోపలి గడియ. హత్య జరిగిన రోజు పెరటి తలుపు ఉత్తినే దగ్గరగా వేసి ఉంది. హంతకుడు అటునుంచే పోయాడు. ఇంతవరకూ కెప్టెన్‌కీ నాకూ పేచీ లేదు.

ఎదెల్మీరా గోడకి పైన గాలి కోసం ఒక కన్నం ఉంది. దాని కింద అల్మరా. అల్మరా మీద దుమ్ము మందంగా పేరుకుంది. ఒక్కచోట మాత్రం పలకాకారంలో శుభ్రంగా ఉంది. చిన్న టేప్ రికార్డర్ బల్ల మీద ఉంది. తెచ్చి ఆ జాగాలో పెట్టాను. అంచుకి అంచు సరిపోయింది. ఎవరో దీన్ని ఆ కన్నానికి ఎదురుగా పెట్టి, తర్వాత బల్ల మీదకి దించారు.

టేప్ రికార్డర్ అడుగు తెరిచాను. సెల్లులు లేవు. ఆ మధ్యాహ్నమంతా ఆ పేటలో కరెంటు లేదు. లోపల క్యాసెట్ ఉంది, సగం తిరిగి ఆగింది. సెల్లులు ఉండాల్సిన చోట, రెండు రేకుల మీదా గీతలు పడ్డాయి. ఏదో తీగల కొసలు గుచ్చి గట్టిగా నొక్కినట్టు.

ఇల్లంతా వెతికితే దొరికింది ఒకే ఒక సెల్లు. అదీ టార్చిలైటులో ఉన్న లావు సెల్లు. రిపోర్టులో కెప్టెన్ రాశాడు: ‘ఒక వోల్టు కంటే తక్కువ. దేనికీ పనికిరాదు.’ టార్చి నొక్కాను. వెలగలేదు. మూత విప్పి చూస్తే నవ్వు రాలేదు గానీ, రావాల్సిందే. అందులో అసలు బల్బే లేదు. బల్బు లేని టార్చిలో సెల్లు ఎందుకు?

సెల్లుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. రెండు కొసల మీదా టంకం బొట్లు, మెరుస్తూ ఉన్నాయి. టార్చిలో వేసుకునే సెల్లుకి టంకం ఎవడూ పెట్టడు. దీనికి తీగలు అతికించారు. తర్వాత పీకేశారు. పీకి, కంటబడకుండా టార్చిలో దాచారు.

సెల్లునీ, టేప్ రికార్డర్‌నీ, రెండు నల్ల రింగుల్నీ సంచిలో వేసుకున్నాను. పాత రష్యన్ రేడియో బోర్డు కూడా. ఏది కావాలో నాకు తెలీదు, కాబట్టి దొరికినంతా మూటకట్టాను.

*

కెప్టెన్ లస్కానో కుర్చీలో వెనక్కి వాలి, ఫైలుతో విసురుకుంటున్నాడు. ప్రావిన్సు ఆఫీసు నుంచి వచ్చినవాడు. వచ్చిన రోజే నా కేసులన్నీ తీసుకున్నాడు, మర్నాటికి నా కుర్చీ కూడా.

“ఏంటి లెఫ్టినెంటూ, చెత్త ఏరుకొచ్చావా?”

“దామసో నాలుగున్నరకి పాఠం చెప్పలేదు కెప్టెన్. అప్పటికే చచ్చిపోయాడు.”

“ఎదెల్మీరా చెవులారా విన్నది దయ్యాన్నా?”

“టేపుని.”

“దేంతో నడిచింది? కరెంటు లేదు. నీ టేప్ రికార్డర్‌కి మూడు వోల్టులు కావాలి. ఆ ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ ఒక వోల్టు లేదు, నేనే కొలిచాను. చచ్చిన సెల్లు చచ్చిన మనిషిని మాట్లాడించిందంటావా? పోయి పడుకో కింతేరో. నీ మొహం చూస్తుంటే నాకు నిద్రొస్తోంది.”

“లాకప్పులో ఉన్న ఎర్మీనియోని ఒక్క గంట నాకివ్వండి.”

“హంతకుణ్ణా? వాడి చేతికి టంకం కడ్డీ ఇస్తావా?”

“అతను హంతకుడైతే, నా మొహం మీదే వాత పెడతాడు. మీకు నష్టమేముంది?”

దానికి కెప్టెన్ నవ్వాడు. ఎర్మీనియోని తీసుకురమ్మన్నాడు. నన్ను నలుగురిలో చిన్నబుచ్చే అవకాశం ఆయన ఏనాడూ వదులుకోలేదు.

ఎర్మీనియో పశువుల డాక్టరు. దామసో రేడియో క్లబ్బులో సభ్యుడు. హత్య జరిగిన మధ్యాహ్నం అతను దామసో వీధి తలుపు దగ్గర నిలబడటం, ఐదింటికి వెళ్ళిపోవటం ఎదుటింటివాళ్ళు చూశారు. లోపల పాఠం నడుస్తోంది, బయట ఉన్న శిష్యుడు ఇతనొక్కడే. కాబట్టి మధ్యలో పెరటి దారిన లోపలికెళ్ళాడు, దామసో పాఠం ఇతనికే చెప్పాడు, ఇతనే చంపాడు. ఇదీ కెప్టెన్ లెక్క.

రెండు రాత్రుల్లో మనిషి సగం అయిపోయాడు. నిలబడలేక బల్ల పట్టుకున్నాడు.

“తలుపు తట్టాను సార్,” అన్నాడు, నేను అడక్కముందే. “కెప్టెన్ గారికి గంటసేపు చెప్పాను. లోపల మాస్టారు మాట్లాడుతూనే ఉన్నారు, తలుపు తియ్యలేదు. ఇంకెవరికో చెప్తున్నారనుకున్నా. ఆపాక తీస్తారని మెట్ల మీద కూర్చున్నా. గొంతాగిపోయింది, అయినా తియ్యలేదు. కోపమొచ్చి వెళ్ళిపోయా. నాకు కోపమొచ్చింది సార్, ఆయన మీద.” 

“కూర్చో. ఈ సెల్లుతో ఈ టేపు నడవాలి. నడుస్తుందా?”

సెల్లుని చేతిలో తూచాడు. కొసల మీది టంకాన్ని గోటితో గీకి చూశాడు. అతని మొహం మారింది. “ఇది ఎవరు చేశారు?”

“నువ్వు చెప్పు.”

“మాస్టారి రింగుంటే నడుస్తుంది. ఎక్కువసేపు కాదు.”

“అయితే చెయ్యి.”

ఆ రోజు స్టేషన్లో కరెంటు ఉంది, కాబట్టి టంకం కడ్డీ వేడెక్కింది. ఎర్మీనియో నల్ల రింగు మీద రెండు తీగలు కలిపి చుట్టాడు. రష్యన్ బోర్డు మీంచి ఒక లావు ట్రాన్సిస్టర్ ఊడదీశాడు.

“ఇదే ఎందుకు?” అన్నాను.

“జెర్మేనియం సార్. ఇప్పటి ట్రాన్సిస్టర్లు ఇంత నీరసం సెల్లుకి సరిగ్గా లేవవు. ఇది చాలా తక్కువకే లేస్తుంది.”

“అది లేస్తే మూడు వోల్టులు ఎక్కణ్ణించి ఊడిపడతాయోయ్?” అన్నాడు కెప్టెన్.

“ఇది కరెంటుని క్షణానికి వేల సార్లు వదిలి తెంపుతుంది సార్. తెంపిన ప్రతిసారీ తీగ చుట్ట ఊరుకోదు, ఎదురు తన్నుతుంది. ఆ తన్ను సెల్లు వోల్టేజీ కంటే పెద్దది. దాన్ని ఈ డయోడు వెనక్కి పోనివ్వదు, ఈ కెపాసిటర్ పట్టి ఉంచుతుంది. ఉత్తినే రాదు, సెల్లుని పీల్చేస్తుంది. కానీ మిగిలిన ఆఖరి బొట్టు దాకా పిండొచ్చు.” చెప్తూనే తీగ అతికించాడు. “తల్లీబిడ్డల ఆసుపత్రి వార్డుల్లో కరెంటు పోతే ఈ రింగులే దీపాలు వెలిగిస్తున్నాయి, జనం పారేసిన సెల్లులతో. అన్నీ మాస్టారు చుట్టినవే. హవానాలో బహుమతి మాత్రం ఆరోస్తెగీకి ఇస్తున్నారు.”

నేను తలెత్తాను. “ఆరోస్తెగీ అంటే?”

“మా క్లబ్బు అధ్యక్షుడు. రింగు తనదే అని రాసి పంపాడు. మాస్టారికి ఈమధ్యే తెలిసింది. ఆ బహుమతి సభలోనే లేచి అడుగుతానన్నారు. అది ఈ శనివారమే.”

కెప్టెన్ ఫైలుతో విసురుకోవటం ఆపాడు. ఆరోస్తెగీ మాకు కొత్తవాడు కాదు. స్టేషన్ రేడియోని బాగుచేసేది అతనే.

“అతని పేరు ఎత్తే ముందు విను కింతేరో,” అన్నాడు కెప్టెన్ మెల్లిగా. “ఆ రోజు రేడియో నవల మొదలయ్యేసరికి ఆరోస్తెగీ ఇదే గదిలో నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఫోనొచ్చేదాకా కదల్లేదు. అతను నిర్దోషి అనటానికి సాక్షిని నేను. నేనబద్ధం చెప్తున్నానా?”

“లేదు. మీరు నిజమే చెప్తున్నారు. అతనికి కావాల్సింది అదే.”

“నోరు జాగ్రత్త.”

“అయిపోయింది సార్,” అన్నాడు ఎర్మీనియో.

క్యాసెట్‌ని పెన్సిలు పెట్టి మొదటికి తిప్పాను. ఎర్మీనియో తీగల కొసల్ని టేప్ రికార్డర్ రేకులకి గుచ్చి నొక్కాడు. నేను చూసిన గీతల మీదే. మీట నొక్కాను.

చక్రాలు కదిలాయి. కెప్టెన్ మొహంలో నవ్వు ఆగిపోయింది. కానీ స్పీకర్లోంచి గొంతు రాలేదు. ఉత్త బుస.

ఎదురు చూశాం. బుస. ఇంకా బుస. కెప్టెన్ నవ్వు తిరిగొచ్చింది.

“బ్రహ్మాండం! గాలి పాఠం చెప్తోంది. ఇదేనా నీ సాక్ష్యం?”

ఎర్మీనియో భుజాలు జారిపోయాయి. నాకూ ఇంటికెళ్ళి, చెప్పులు విప్పకుండా పడుకోవాలనిపించింది. అయినా మీట మీంచి వేలు తియ్యలేదు. దామసో ఇంటి నుంచి స్టేషనుకి మోటారుసైకిలు మీద ఎంతసేపు పడుతుందో మనసులో లెక్కేసుకుంటున్నాను. ఆ లెక్క పూర్తవుతుండగా స్పీకరు గొంతు సవరించుకుంది.

‘సెల్లు చచ్చిపోయిందని పారెయ్యకండి. అది చావలేదు, నీరసపడింది...’

ఎర్మీనియో రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అదే క్షణంలో బల్ల మీద కెప్టెన్ రేడియో ఈల మొదలెట్టింది. సన్నగా, పళ్ళు జిల్లుమనేలా. అందులో వస్తున్న పాట మునిగిపోయింది. కెప్టెన్ నాబ్ తిప్పాడు, రేడియోని తిరగేశాడు, చెంప మీద కొట్టినట్టు ఒక దెబ్బ వేశాడు. ఈల పోలేదు.

“ఉత్త బుసకి రింగు మీద బరువు తక్కువ. గొంతొచ్చి స్పీకరు కరెంటు లాగితే చుట్టుపక్కల రేడియోలు ఇలాగే గోల చేస్తాయి సార్,” అన్నాడు ఎర్మీనియో, చేతులు తియ్యకుండానే.

పాఠం సాగింది. ‘నల్ల రింగు తీసుకోండి’ మామూలుగానే వచ్చింది. ‘రెండు తీగలు’ దగ్గర గొంతు కొంచెం బొంగురుపోయింది. ఆ తర్వాత మాట మాటకీ బరువెక్కుతూ, లాక్కుంటూ, నిద్రలోకి జారుతున్న మనిషిలా అయిపోయింది. సెల్లు ఓడిపోతోంది. మోటారు నెమ్మదిస్తోంది. ఎదెల్మీరా విన్న అలసట దామసోది కాదు. ఈసారి మూడో కాలు దాకా కూడా రాలేదు. చక్రాలు ఆగాయి, ఈల ఆగింది. రేడియోలో పాట ఎక్కడ మునిగిందో అక్కడికి కాస్త అవతల తేలింది.

మీట మీంచి వేలు తీశాను.

“టేపు మొదట్లో ఉన్న ఆ నిశ్శబ్దం,” అన్నాను, “దాన్ని హంతకుడు కావాలనే చెరిపి పెట్టుకున్నాడు. మీట నొక్కి, పెరటి దారిన పోయి, మీ ఎదురుగా కూర్చుని కాఫీ కప్పు అందుకోవటానికి. నాలుగున్నర తర్వాత ఎక్కడున్నాడో చెప్పలేనివాడు హంతకుడు కాదు కెప్టెన్. చెప్పడానికి సాక్షిని కూడా సిద్ధంగా పెట్టుకున్నవాడు.”

“రింగేది మరి? ఆ గదిలో తీగ చుట్టి సిద్ధంగా ఉన్న రింగు ఒక్కటీ దొరకలేదుగా!”

“శవం దొరికిందని ఫోనొచ్చినప్పుడు మీతో ఎవరొచ్చారు?”

కెప్టెన్ రేడియో ఆపాడు.

“చీకటి పడుతోంది, కరెంటు లేదు. మీకు లాంతరు పట్టుకుని ఎవరొచ్చారు కెప్టెన్?”

“ఆరోస్తెగీ,” అన్నాడు. మొదటిసారి ఆ గొంతులో పెత్తనం లేదు. “నేను శవం మీదకి వంగాను. అతను... వెనక బల్ల సర్దుతున్నాడనుకున్నాను. ‘ఏవీ ముట్టుకోకు’ అని కూడా అన్నాను. ‘దారికడ్డంగా ఉంది సార్, దించి పెడుతున్నా’ అన్నాడు.”

ఆయన్ని ఇంకో మాట అనొచ్చు. ఈ రెండు రోజులుగా దాచుకున్నవి చాలా ఉన్నాయి. కానీ ఆ మొహం చూశాక అనబుద్ధి కాలేదు.

“అతనికి ఏం తెలుసు?” అన్నాను. “మనకి ఏం దొరికిందో అతనికి తెలిసే వీలుందా?”

“నువ్వు తెచ్చినవేవీ తెలీదు.”

“ఇంకేం చెప్పారు?”

కెప్టెన్ చొక్కా గుండీ ఒకటి విప్పి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఆ రేడియో ఈల సంగతి. పొద్దున నవ్వుతూ చెప్పాను. ముసలావిడ మతి చూడు, మనిషి మాట్లాడితే రేడియో ఈలేసిందంటోంది అని.”

“అతను నవ్వాడా?”

“నవ్వాడు. బాగా నవ్వాడు. తర్వాత అడిగాడు, ఆవిడ ఆ ముక్క వాంగ్మూలంలో రాయించిందా అని. రాయించలేదన్నాను. సంతకం కూడా ఇంకా పెట్టలేదు, సాయంత్రం స్టేషనుకి పిలిపిస్తానన్నాను.”

 “ఎవరితో పిలిపించారు? మన జీపు కదలదు.”

ఆయన నా వైపు చూశాడు. చెప్పనక్కర్లేదు. కానీ చెప్పాడు. “అతనే అడిగాడు కింతేరో. పెద్దావిడ నడవలేదు, నా బండిలో నేను తీసుకొస్తానన్నాడు.”

ఫోను అందుకున్నాను. ఎదెల్మీరా వీధి మూలన రేషను దుకాణంలో ఫోనుంది. అవతల చాలాసేపు మోగింది. ఎర్మీనియో లేచి నిలబడ్డాడు. కెప్టెన్ పిస్తోలు బెల్టు కోసం మేకు దగ్గర తడుముకుంటున్నాడు, బెల్టు ఆయన నడుముకే ఉంది.

చివరికి దుకాణంవాడు ఎత్తాడు.

“ఎదెల్మీరానా? ఇప్పుడే వెళ్ళింది లెఫ్టినెంట్ గారూ. సైడ్‌కారు మోటారుసైకిలు మీద. ఆ రేడియో ఇంజనీరు ఎంత మర్యాదస్తుడండీ, సీటులో దిండు కూడా వేసి కూర్చోబెట్టాడు.”

“ఎటు పోయారు? స్టేషను వైపేనా?”

“కాదండీ. ఊరి బయటికి పోయే చెరకు మిల్లు రోడ్డెక్కారు. నేనూ దారి తప్పాడేమో అనుకుని గట్టిగా కేకేశా.” దుకాణంవాడు ఒక్క క్షణం ఆగాడు. “ఆయన వెనక్కి తిరిగి, నవ్వి, చెయ్యి ఊపాడు.”